అకౌంటు మీదేనా అని ఎందుకు అడుగుతారు?

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్లకు వినబడుతోందా? సరే, మొదలుపెడతాను.

నేను చాలా ఏళ్లు ఒక ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీలో పనిచేశాను. బ్యాంకు అకౌంట్లు వెరిఫై చేసే విభాగం మాది. మాకొచ్చే ఫోన్లలో చాలావాటికి మొదటి వాక్యం ఒకటే: "నా అకౌంటు నాది కాదంటారా మీరు?" గొంతులో కోపం, దాని వెనక కొంచెం అవమానం. ఆ కోపం నాకు అర్థమయ్యేది. ఏళ్ల తరబడి వాడుతున్న అకౌంటు. జీతం అందులోనే పడుతుంది. నిన్న మొన్న వచ్చిన యాప్ ఒకటి "ఇది మీదేనని నిరూపించండి" అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఫోన్లో నేను పూర్తి జవాబు ఎప్పుడూ చెప్పలేదు. మాకు స్క్రిప్టు ఉండేది. "మీ భద్రత కోసమేనండీ" అని చదివేవాళ్లం. అది అబద్ధం కాదు. కానీ అసలు సంగతిలో అదొక చిన్న ముక్క మాత్రమే. మిగతా ముక్కలు ఇవాళ చెబుతాను. వాటిలో కొన్ని కంపెనీలు బయటికి చెప్పుకోవడానికి అంత ఇష్టపడవు.

మొట్టమొదట తెలుసుకోవాల్సింది ఏమిటంటే, బ్యాంకుల మధ్య డబ్బు కదిలించే వ్యవస్థకు మనుషులు తెలియదు, నంబర్లే తెలుసు. మనం డబ్బు పంపేటప్పుడు అవతలివాళ్ల పేరు కూడా రాస్తాం కదా? చాలా దేశాల్లో చాలాకాలం పాటు ఆ పేరును ఎవరూ చూసేవారు కాదు. నంబరు ఉందా, ఉంది. అయితే డబ్బు వేసెయ్. అంతే. ఒక్క అంకె తప్పు పడి, ఆ తప్పు నంబరు కూడా ఎవరిదో అయితే, డబ్బు వాళ్లకు వెళ్లిపోతుంది. వాళ్లు మంచివాళ్లయితే తిరిగొస్తుంది. కాకపోతే బ్యాంకు చుట్టూ తిరగాలి.

ఈ తప్పులు పట్టుకోవడానికి కొన్ని నంబర్లలోనే ఏర్పాటు ఉంటుంది. యూరప్‌లో, ఇంకా చాలాచోట్ల వాడే ఐబాన్ అనే బ్యాంకు అకౌంటు నంబరు సంగతి చూడండి. దేశం అక్షరాల తర్వాత రెండు అంకెలు ఉంటాయి. మొత్తం నంబరును ఒక పద్ధతిలో అటూ ఇటూ మార్చి 97తో భాగిస్తే శేషం 1 రావాలి. ఒక్క అంకె తప్పు కొట్టినా లెక్క కుదరదు, కంప్యూటర్ అక్కడే ఆపేస్తుంది. బాగుంది. కానీ ఈ లెక్క చెప్పేది నంబరు రూపం సరిగ్గా ఉందని మాత్రమే. ఆ అకౌంటు నిజంగా ఉందో లేదో చెప్పదు. ఉన్నా అది మీదో కాదో అసలే చెప్పదు.

ఇప్పుడు అసలు చిక్కులోకి వస్తాను. డబ్బు కదలడంలో రెండు రకాలున్నాయి, పంపడం, లాగడం. మీరే మీ బ్యాంకు యాప్ తెరిచి, పిన్ కొట్టి పంపితే అది పంపడం. అక్కడ మీ బ్యాంకు ముందు మిమ్మల్ని గుర్తుపడుతుంది, తర్వాతే డబ్బు వదులుతుంది. లాగడం అలా కాదు. మీరు చెల్లింపుల కంపెనీకి అకౌంటు నంబరు ఇస్తారు. కంపెనీ బ్యాంకుల వ్యవస్థలోకి ఒక కోరిక పంపుతుంది: "ఈ నంబరు నుంచి ఇంత మాకు ఇవ్వండి, ఆయన ఒప్పుకున్నారు." అమెరికాలో ఏసీహెచ్ అనే వ్యవస్థ ఇలాగే నడుస్తుంది. బ్యాంకు మీకు ఫోన్ చేసి "ఒప్పుకున్నారా?" అని అడగదు. కంపెనీ మాట నమ్మి ఇచ్చేస్తుంది. అంటే మీరు ఒప్పుకున్నారన్న పూచీ కంపెనీది.

ఇప్పుడు ఒక చెక్కు గుర్తు తెచ్చుకోండి. దాని కింది భాగంలో అకౌంటు నంబరు అచ్చు వేసి ఉంటుంది. మీరు ఎవరికి చెక్కు ఇచ్చినా మీ నంబరు వాళ్లకు తెలిసినట్టే. నాకు ఇచ్చారనుకోండి. వెరిఫికేషన్ అనేదే లేకపోతే, నేను ఆ నంబరు నా ప్రొఫైల్లో కొట్టి, మీ డబ్బుతో నాకు కావాల్సింది కొనుక్కోవచ్చు. మీరు నెలాఖరున స్టేట్‌మెంట్ చూసి గుండె పట్టుకుంటారు.

మీరు ఫిర్యాదు చేస్తే బ్యాంకు మీ డబ్బు మీకు ఇస్తుంది. మరి ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది? చెల్లింపుల కంపెనీ నుంచి. అమెరికాలో వ్యక్తిగత అకౌంట్ల విషయంలో "ఇది నేను ఒప్పుకున్న లావాదేవీ కాదు" అని వెనక్కి తిప్పడానికి 60 రోజుల దాకా వీలుంటుంది. వస్తువు అమ్మిన మనిషికి మాత్రం కంపెనీ అప్పటికే డబ్బు ఇచ్చేసి ఉంటుంది. ఆయన పార్సిల్ పంపేసి ఉంటాడు. దొంగ ఎక్కడున్నాడో తెలియదు. మధ్యలో నష్టం ఎవరిది? కంపెనీది.

నన్నడిగితే వెరిఫికేషన్ మొత్తానికి మూలం ఈ ఒక్క సంగతే. కంపెనీ తనకు డబ్బు ఖాయంగా చేతికి రాకముందే మీ తరఫున అవతలివాళ్లకు ఇచ్చేస్తోంది. ఆ మధ్య రోజుల్లో అది మీకు అప్పు ఇచ్చినట్టే. అప్పు ఇచ్చేవాడు మీరెవరని అడగడంలో వింతేముంది?

ఈ పాఠం బాగా ఖరీదుగా నేర్చుకున్న కంపెనీ పేపాల్. 1998 చివర్లో కాన్ఫినిటీ అనే పేరుతో మొదలైంది, 1999లో ఈమెయిల్ ద్వారా డబ్బు పంపే సేవ తెచ్చింది. కొత్తగా చేరితే 10 డాలర్లు, ఇంకొకరిని చేర్పిస్తే మరో 10 డాలర్లు ఇచ్చేవారు. జనం ఎగబడ్డారు. జనంతో పాటు దొంగలూ వచ్చారు. ఆ పదేసి డాలర్ల కోసం కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి దొంగ అకౌంట్లు తెరిచారు. మనం ఇప్పుడు విసుక్కుంటూ వంకర టింకర అక్షరాలు చూసి టైపు చేస్తాం చూడండి, ఆ పరీక్షను వ్యాపారంలో వాడిన తొలి సంస్థల్లో పేపాల్ ఒకటి. ఆ విసుగు కూడా ఈ దొంగల పుణ్యమే. (నవ్వులు)

దొంగలు కాక ఇంకో బాధ ఉంది. దీని గురించే కంపెనీలు గట్టిగా మాట్లాడవు. వాడుకరి క్రెడిట్ కార్డుతో డబ్బు పంపితే, కంపెనీ కార్డు సంస్థలకు ప్రతిసారీ ఆ మొత్తంలో కొంత శాతం కట్టాలి. అదే బ్యాంకు అకౌంటు నుంచి లాగితే, ఎంత పెద్ద మొత్తమైనా అయ్యే ఖర్చు కొన్ని సెంట్లే. అందుకని పేపాల్‌కు జనం బ్యాంకు అకౌంట్లు జోడించడం చాలా అవసరమైంది. "మీ భద్రత కోసం" అని మేం చదివిన స్క్రిప్టులో ఈ వాక్యం ఎప్పుడూ లేదు. వెరిఫై చేస్తే లిమిట్ పెంచుతాం అనడం, పేరు పక్కన ఒక గుర్తు పెట్టడం, ఇవన్నీ కొంతవరకు మిమ్మల్ని కార్డు నుంచి బ్యాంకు వైపు జరపడానికే. దీన్ని నేను తప్పుపట్టను. కానీ దాచాల్సిన పని లేదు.

సరే, జోడించాలి. కానీ అకౌంటు వాళ్లదేనని తేల్చేదెలా? అప్పట్లో ఉన్న దారి, రద్దు చేసిన చెక్కు పోస్టులో పంపమనడం. ఇంటర్నెట్ కంపెనీకి అది చావు లాంటిది. సగంమంది మధ్యలోనే వదిలేస్తారు. అప్పుడు పేపాల్‌లో పనిచేస్తున్న సంజయ్ భార్గవ ఒక ఉపాయం చెప్పారు. ఆయన అంతకుముందు బ్యాంకులో పనిచేసినవారు. రెండు చిన్న మొత్తాలు, డాలరులోపు ఎంతైనా, ఆ అకౌంటులో వేద్దాం. ఎంతెంత పడ్డాయో చెప్పగలిగితే ఆ స్టేట్‌మెంట్ చూసే హక్కు వాళ్లకు ఉన్నట్టే కదా?

ఇది ఎంత తెలివైన పనో కొంచెం దగ్గరగా చూపిస్తాను. మీరు సోమవారం అకౌంటు నంబరు ఇచ్చారనుకోండి. ఆ రాత్రి వేల కోరికలున్న ఒక ఫైలులో మీవి రెండు వరుసలు వెళతాయి. ఒకటి 17 సెంట్లు, ఇంకోటి 43 సెంట్లు. ఆ నంబరుతో అకౌంటే లేకపోతే ఆర్03 అనే కోడుతో తిరిగొస్తుంది. మూసేసిన అకౌంటయితే ఆర్02. మామూలుగా రెండు పనిదినాల్లో తెలిసిపోతుంది. ఏదీ తిరిగి రాలేదంటే అకౌంటు బతికే ఉందన్నమాట. మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది.

అది మీదేనా అన్న రెండో ప్రశ్నకు జవాబు మీరు చెబుతారు, 17, 43 అని. ఒక్కో మొత్తం 1 నుంచి 99 సెంట్ల వరకు ఏదైనా కావచ్చు కాబట్టి జతలు 99 ఇంటూ 99, అంటే 9,801. ఏటీఎం పిన్‌లో నాలుగంకెలకు 10,000 కదా, దాదాపు అంతే. అంటే బ్యాంకు స్టేట్‌మెంటునే వాడుకుని మీకు ఒక పిన్ పోస్టు చేసినట్టు. ఒకే మొత్తం వేస్తే 99లో ఒకటి ఊహించడం పెద్ద కష్టం కాదు, అందుకే రెండు. మూడుసార్లు తప్పు చెబితే తాళం. ఈ కారణం తెలియక "రెండెందుకయ్యా, ఒకటి వేస్తే చాలదా?" అని అడిగినవాళ్లు ఉన్నారు. నేను కూడా చేరిన కొత్తలో అడిగాను.

కానీ ఇందులో ఒక కన్నం ఉంది. ఇది తేల్చేది మీరు స్టేట్‌మెంట్ చూడగలరని. అకౌంటు మీదేనని కాదు. మా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. ఒక చిన్న సంస్థలో లెక్కలు రాసే ఉద్యోగి, సంస్థ అకౌంటు నంబరును తన సొంత ప్రొఫైల్‌కు జోడించాడు. స్టేట్‌మెంట్లు చూడటం అతని పనే కదా. రెండు మొత్తాలూ తడుముకోకుండా కొట్టాడు. మా సిస్టమ్ పచ్చ టిక్కు పెట్టింది. కొన్నాళ్ల తర్వాత యజమాని ఫోన్ చేస్తే గానీ బయటపడలేదు. ఆ రోజు మా విభాగంలో ఎవరూ మాట్లాడుకోలేదు.

అందుకే పేరు పోల్చడం వచ్చింది. బ్యాంకు దగ్గరున్న పేరు, మీరు మాకిచ్చిన పేరు పక్కపక్కన పెట్టి చూడటం. నెదర్లాండ్స్‌లో డబ్బు పంపేటప్పుడు పేరు, నంబరు సరిపోతున్నాయో చూపడం 2017లోనే మొదలైంది. బ్రిటన్‌లో పెద్ద బ్యాంకులు 2020లో మొదలుపెట్టాయి. యూరో వాడే దేశాల్లో 2025 అక్టోబరు నుంచి అది తప్పనిసరి. భారతదేశంలో నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకు కూడా 2025లోనే పేరు చూపే సౌకర్యం వచ్చింది. ఎంత చిన్న సంగతి, ఎంత ఆలస్యంగా వచ్చిందో చూడండి.

అయితే పేరు పోల్చడం అనుకున్నంత తేలిక కాదు. నా అనుభవమే చెబుతాను. ఉద్యోగం మారాక వేరే కంపెనీ సేవ ఒకటి వాడాను. బ్యాంకులో నా పేరు పొడి అక్షరాలతో ఉంది. ఆ సేవలో పూర్తి పేరు ఇచ్చాను. కంప్యూటర్ దృష్టిలో ఇద్దరం వేరు వేరు మనుషులం. నా డబ్బు తొమ్మిది రోజులు హోల్డ్‌లో పెట్టారు. కస్టమర్ కేర్ అమ్మాయి చాలా మర్యాదగా "మీ భద్రత కోసమేనండీ" అంది. ఆ స్క్రిప్టు నాకు కంఠతా వచ్చు, ఏమనగలను? (నవ్వులు)

ఇక చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను, అది బోరు కొట్టే భాగం. నల్లధనం చలామణిని అడ్డుకోవడానికి 1989లో జీ7 దేశాలు పారిస్ సమావేశంలో ఎఫ్ఏటీఎఫ్ అనే బృందాన్ని పెట్టాయి. కస్టమర్ ఎవరో తెలుసుకోకుండా వ్యాపారం చెయ్యకూడదన్న నియమం ఆ బృందం సిఫారసుల్లో ఉంది. దాన్ని పట్టుకునే దాదాపు అన్ని దేశాలూ చట్టాలు చేసుకున్నాయి. అమెరికాలో 2001 చట్టం తర్వాత అకౌంటు తెరిచే ప్రతి ఒక్కరి పేరు, పుట్టిన తేదీ, చిరునామా, గుర్తింపు నంబరు తీసుకోవడం బ్యాంకులకు తప్పనిసరైంది. 2021 నుంచి అక్కడ ఏసీహెచ్ నియమాలు రాసే నాచా సంస్థ, ఆన్‌లైన్‌లో ఒక నంబరు నుంచి మొదటిసారి డబ్బు లాగేముందు అది నిజమైన అకౌంటేనా అని చూసి తీరాలంది.

ఇందులో మీరు గమనించాల్సింది ఒకటే. ఆన్‌లైన్ కంపెనీకి మీ ముఖం తెలియదు. మీ బ్యాంకు ఏదో ఒక రోజు మీ కాగితాలు చూసింది. మీ బ్యాంకు అకౌంటు మీదేనని తేలితే, బ్యాంకు చేసిన ఆ పరిశీలనలో కొంత కంపెనీకి కూడా ఉపయోగపడుతుంది. కొత్తగా వచ్చినవాణ్ని తెలిసినవాళ్ల చేత పరిచయం చేయించుకున్నట్టు. చాలాచోట్ల "మీ పేరు మీదున్న అకౌంటుకే డబ్బు తీసుకోండి" అని పట్టుబట్టేది కూడా ఇందుకే. ఒకరి పేరుతో లోపలికి వచ్చి ఇంకొకరి పేరుతో బయటికి వెళ్లే డబ్బు అంటే తనిఖీ చేసేవాళ్లకు చెడ్డ చిరాకు.

డబ్బు బయటికి వెళ్లే ఆ చివరి గుమ్మం గురించి ఇంకో మాట. దొంగ మీ పాస్‌వర్డు సంపాదించి లోపలికి వచ్చాడనుకోండి. వాడు మొదట చేసే పని బ్యాంకు అకౌంటు మార్చడం. మీది తీసేసి వాడిది పెడతాడు. అందుకే కొత్త అకౌంటు పెట్టగానే మళ్లీ వెరిఫికేషన్, రెండు మూడు రోజుల ఆలస్యం, మీ పాత ఈమెయిల్‌కు ఒక సమాచారం. మీకు టెన్షన్ తెప్పించే ఆ ఆలస్యంలోనే అసలు మనిషి మేల్కొని ఫోన్ చేసిన సందర్భాలు నేను చూశాను.

ఇంకో పద్ధతి కూడా ఉంది. మీ బ్యాంకు యూజర్ నేమ్, పాస్‌వర్డు మూడో కంపెనీ పేజీలో కొట్టమంటారు. ఆ కంపెనీ మీలాగే బ్యాంకు సైటులోకి వెళ్లి చూసుకుంటుంది. క్షణాల్లో అయిపోతుంది. నాకు ఈ పద్ధతి ఎప్పుడూ నచ్చలేదు. ఎవరికీ పాస్‌వర్డు ఇవ్వొద్దని ఒకవైపు చెబుతూ, ఇంకోవైపు ఇక్కడ కొట్టండి అనడం ఏం న్యాయం? ఇప్పుడు యూరప్ నియమాల వల్ల, ఇంకొన్ని చోట్ల కూడా, మిమ్మల్ని మీ బ్యాంకు సొంత పేజీకే పంపి అక్కడ ఒప్పుకోమంటున్నారు. అలా అయితే సరే.

ఇంత చేసినా వెరిఫైడ్ అంటే మంచివాడని కాదు. కమీషన్‌కు ఆశపడి తమ అకౌంట్లు దొంగలకు వాడుకోనిచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్ల పేరు నిజం, నంబరు నిజం, కాగితాలు నిజం. ఏ పరీక్షలోనైనా పాస్ అవుతారు. కాబట్టి ఆ పచ్చ టిక్కు చూసి ముక్కూ మొహం తెలియనివాళ్లకు డబ్బు పంపకండి.

ప్రశ్నలు తీసుకుంటాను. ఆ... చీటీ మీద రాసిచ్చారు. "వెరిఫై చేయమని మెసేజ్ వస్తే అది అసలుదో నకిలీదో ఎలా తెలుసుకోవాలి?"

ముందు, ఎవరు మొదలుపెట్టారో చూడండి. మీరు అకౌంటు జోడిస్తుంటే వచ్చిందా, ఊరికే కూర్చుంటే వచ్చిందా? ఊరికే వస్తే అందులోని లింకు నొక్కకండి, యాప్ మీరే తెరిచి చూడండి. నిజంగా పని ఉంటే అక్కడ కనిపిస్తుంది. తర్వాత, ఏం అడుగుతున్నారో చూడండి. ఎంత పడిందో చెప్పమంటే సరే. పిన్ చెప్పమన్నా, ఓటీపీ చదవమన్నా ఫోన్ పెట్టేయండి. మీ అకౌంటులోకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఇంకొకటి, మీరు ఏదీ జోడించకుండానే రెండు చిన్న మొత్తాలు పడితే, ఉచితంగా వచ్చాయని సంతోషించకండి. ఎవరో మీ నంబరు ఎక్కడో జోడించడానికి చూస్తున్నారు. బ్యాంకుకు ఫోన్ చేయండి. అమెరికాలో 2022 నుంచి ఇలాంటి జమల పక్కన ఏసీసీటీవెరిఫై అన్న మాట కనబడాలని నియమం పెట్టారు, ఇందుకే.

ఇంకొకరు? అక్కడ, చెయ్యెత్తిన అబ్బాయి. "ఆ చిల్లర మనమే ఉంచుకోవచ్చా?" (నవ్వులు)

మంచి ప్రశ్న. కొన్ని కంపెనీలు వెనక్కి తీసుకుంటాయి, కొన్ని వదిలేస్తాయి. నీకొచ్చిన ఆలోచనే ఇంకొకాయనకు కూడా వచ్చింది. కాలిఫోర్నియాలో ఒక యువకుడు, 2007, 2008లలో. షేర్లు కొని అమ్మే ఆన్‌లైన్ సంస్థలు కూడా ఇలాగే చిన్న మొత్తాలు వేసి వెరిఫై చేసేవి. ఆయన ఒక ప్రోగ్రాము రాసి 58,000కు పైగా అకౌంట్లు తెరవబోయాడు. చాలావాటికి కార్టూన్ పాత్రల పేర్లు పెట్టాడు. వచ్చిన చిల్లరంతా తన బ్యాంకు అకౌంట్లలోకి పోయేలా చూశాడు. సెంట్లు సెంట్లుగా వేల డాలర్లు పోగయ్యాయి. గూగుల్ చెల్లింపుల సేవ దగ్గరా ఇలాగే చేశాడు. బ్యాంకువాళ్లు ఇదేమిటని అడిగితే, గూగుల్ నిబంధనలు చదివాననీ, ఎక్కువ అకౌంట్లు తెరవకూడదని అందులో లేదనీ చెప్పాడట. చివరికి కోర్టు 15 నెలల జైలు శిక్ష వేసింది. చిల్లర తీసుకున్నందుకు కాదు బాబూ, దొంగ పేర్లు పెట్టినందుకు.